నవ్వులపాలు చాలు, నవ్వులో పాలు కావాలి

రాంగోపాల్ వర్మ తీసిన ‘కథ స్క్రీన్‌ప్లే దర్శకత్వం అప్పలరాజు’ 2011లో వచ్చింది. పెద్దగా ఆడలేదు. అయినా సినిమా పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. సునీల్ వేసిన అప్పలరాజు అమలాపురం పిల్లగాడు. వచ్చిన ప్రతి సినిమా చూస్తాడు, చూసిన ప్రతిదానికీ వంక పెడతాడు. తానైతే ఇంతకంటే బాగా తీస్తానని ఒక ఏడుపు కథ రాసుకొని హైదరాబాద్ చేరుతాడు. ఇక్కడ నిర్మాత ఒక చెయ్యి వేస్తాడు, హీరో ఒక చెయ్యి వేస్తాడు, డబ్బు పెట్టే రౌడీ ఇంకో చెయ్యి వేస్తాడు. చివరికి ఆ కథ కుక్కలు చింపిన విస్తరి అవుతుంది. సినిమా లోకంలో ఎవరూ లేని బయటివాడు ఆ లోకంలో గెలవాలని చూడటం, ఆ పెనుగులాటలో మనకు నవ్వు పుట్టడం, అంతే కథ.

మేమూ నవ్వాం. నల్లమల అంచున బడిపంతుళ్లుగా బతికేవాళ్లం గనక ఆ నవ్వు అయిపోయాక ఒక లెక్క వేసుకున్నాం. అమలాపురం నుంచి ఫిల్మ్‌నగర్ 400 కిలోమీటర్లు దాటి ఉంటుంది. అచ్చంపేట నుంచి సుమారు 130. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం బువ్వ యాళ్లకు అక్కడుంటాం. మరి అంత దూరం నుంచి అప్పలరాజు వచ్చిండు గానీ ఇంత దగ్గర నుంచి మన పిల్లగాడు ఎందుకు రాలేదు? మేమనేది నిజంగా బస్సెక్కి పోయిన పిల్లల సంగతి కాదు. వాళ్లు పోతూనే ఉన్నారు. కథలోకి ఎందుకు రాలేదని అడుగుతున్నాం. తెలుగు సినిమా తొంభై ఏళ్లు దాటి నడుస్తోంది. అందులో ఒక చెంచు పిల్లగాడు, ఒక కోయ పిల్ల, ఒక గోండు యువకుడు ‘నేను సినిమా తీస్తా’ అని బయలుదేరి, బోల్తా పడి, లేచి, మళ్లీ బోల్తా పడి మనందరినీ కడుపుబ్బ నవ్వించిన కథ మాకు ఎక్కడా కనపడలేదు.

ఇది చిన్న విషయమని కొందరంటారు. పోడు పట్టాలు రానిచోట, పెంటకు రోడ్డు లేనిచోట, బాలింతను డోలీలో మోసే చోట సినిమాలో నవ్వు గురించి మాట్లాడుతున్నారేమిటని మన సంఘాల పెద్దలే అడుగుతారు. పట్టా గురించి మాట్లాడాల్సిందే, మాట్లాడుతూనే ఉన్నాం. కానీ పట్టా ఇవ్వాల్సిన ఆఫీసులో కుర్చీలో కూర్చున్న మనిషి మనల్ని మొదటిసారి ఎక్కడ చూశాడు? పెంటకు వచ్చి చూశాడా? సినిమాలో చూశాడు. ఆకుల లంగా, ఈకల కిరీటం, చేతిలో బల్లెం, నోట్లో అర్థంలేని కూతలు. మనం చొక్కా ప్యాంటు వేసుకొని దరఖాస్తు పట్టుకొని నిలబడితే ‘నువ్వు నిజంగా ఎస్టీవేనా’ అన్న చూపు చూస్తాడు. ఆ చూపుకు మూలం తెర మీదుంది.

సంగతి మొదటి నుంచీ చూడాలి. 1943లో ‘చెంచులక్ష్మి’ సినిమా వచ్చింది. సౌందరరాజన్ తీశాడు, కమలా కోట్నీస్ చెంచితగా వేసింది. అదే 1943లో హైమన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పెద్ద ఇంగ్లీషు పుస్తకం అచ్చయింది. ఆయన 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద మన పెంటల్లో గుడారం వేసుకొని, మన తాతలతో తిరిగి, ఎవరి గట్టు ఎంతవరకు, ఏ గడ్డ ఏ కాలంలో తవ్వుతారు, పెళ్లిలో ఎవరు ఏం ఇస్తారు అని రాసుకున్నాడు. ఆయన రాసినదాంట్లో ఒప్పుకోలేనివీ ఉంటాయి, అది వేరే వ్యాసం. ఒకే ఏడాది ఒక చెంచు జాతి పుస్తకంలోకి ఎక్కింది, ఇంకో చెంచు జాతి తెర మీదికి ఎక్కింది. జనం మనసులో నిలిచింది రెండోది. 1958లో బి.ఏ. సుబ్బారావు మళ్లీ ‘చెంచులక్ష్మి’ తీస్తే అక్కినేని, అంజలీదేవి ఆ బొమ్మను ఇంకా గట్టిగా నాటారు. ఇప్పటికీ మేము ఎక్కడికైనా శిక్షణకు పోయి చెంచులమని చెబితే పక్కన కూర్చున్న సారు మొదట ఆ సినిమా పేరే ఎత్తుతాడు. అహోబిలం నరసింహస్వామిని మనం అల్లుడని పిలుచుకుంటాం, అది మన ఇంటి ముచ్చట, మన గొప్ప. సినిమాలో మాత్రం మన ఆడపిల్ల ఉన్నది దేవుడు మనసు పారేసుకోవడానికి. ఆమెకు సొంతంగా కావాలనిపించినదేదీ లేదు.

ఆ తర్వాత వరస మనందరికీ తెలిసిందే. 1977లో ‘అడవి రాముడు’. అడవి జనాన్ని కాపాడే హీరో ఎవరనుకున్నారు? ఫారెస్టు ఆఫీసరు! మారువేషంలో వచ్చిన అటవీ అధికారి. ఆ సంగతి తెలిసిన మన పెద్దమనిషి ఒకాయన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. కంప గొట్టుకొచ్చినా, జిగురు తెచ్చినా, పుట్టతేనె తీసినా చెక్‌పోస్టు కాడ ఆగి సమాధానం చెప్పుకునే మనకు అదే ఆ సినిమాలో అన్నిటికంటే పెద్ద కామెడీ. తీసినవాళ్లకు మాత్రం అది కామెడీ అని తెలియదు.

ఇక కోయదొర వేషం. నుదుటి మీద పెద్ద బొట్టు, మెడలో పూసలు, నెమలీకలు, చేతిలో వేర్ల మూట. ఆ కమెడియన్ నోరు తెరిస్తే వంకర టింకర తెలుగు. హీరోయిన్ ఇంట్లోకి దూరడానికి హీరో కూడా అదే వేషం కడతాడు. కోయభాష అంటే ఏమిటో ఆ డైలాగు రాసినవాడికి ఎన్నడన్నా ఎరుకా? అదొక నిండైన భాష. దానికి వ్యాకరణం ఉంది, పాటలుంది, తిట్లున్నాయి. గోండి ఉంది, కొలామి ఉంది. వాటిలో ఒక్క ముక్క నేర్చుకోకుండా ఏదో ఒక కూత పెట్టి జనాన్ని నవ్వించడం తెలుగు హాస్యంలో పాత విద్య. ఇలాంటిదాన్నే మన పెద్దలు నవ్వులపాలు చేయడం అన్నారు.

ఇందులో మనకు సాటిగా ఒకప్పుడు ఇంకొకరు ఉండేవారు. తెలంగాణ యాస మాట్లాడేవాళ్లు. మూడు, నాలుగు దశాబ్దాలు తెలుగు సినిమాలో తెలంగాణ మాట రౌడీ నోట్లోనో, పనివాడి నోట్లోనో, తాగుబోతు నోట్లోనో ఉండేది. హీరో మాత్రం కృష్ణా గుంటూరు తెలుగే మాట్లాడాలి. దీని మీద ఎన్ని సభలు, ఎన్ని వ్యాసాలు, ఎన్ని ధూంధాంలు! ఆ ధూంధాంలలో మనం కూడా డప్పు కొట్టాం, మన పిల్లలు కూడా గొంతు కలిపారు. రాష్ట్రం వచ్చింది. 2016లో ‘పెళ్లి చూపులు’, 2017లో ‘ఫిదా’ వచ్చాయి. 2021లో ‘జాతిరత్నాలు’ వస్తే జోగిపేట పిల్లగాళ్లు హైదరాబాద్ వచ్చి చేసిన తింగరి పనులకు అమెరికాలో ఉన్న తెలుగోళ్లు కూడా నవ్వారు. 2023లో ‘బలగం’. తీసిన వేణు సిరిసిల్ల బిడ్డ, చిన్న చిన్న కామెడీ వేషాలు వేసుకుంటూ వచ్చినవాడు. చావింట్లో పుట్టే నవ్వును, ఏడుపును ఒకే పళ్లెంలో పెట్టి చూపించాడు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ వాళ్లు ఫోన్లలోకి వచ్చారు. పొలం పనులు చేసుకునే గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి పోయింది. ఆమెను చూసి ఎవరూ వెక్కిరించలేదు. ఆమె మాటకు ఆమెతో కలిసి నవ్వారు.

చూశారా, ఏం జరిగిందో. నవ్వులపాలైన భాష నవ్వులో పాలు తీసుకుంది. పాలు అంటే వాటా. ఎవరి మీద నవ్వారో వాళ్లే నవ్వు పుట్టించేవాళ్లు అయ్యారు. మాకు సంతోషమే. కానీ ఆ వాటా గెలిచినవాళ్లు తమ వెనక నిలబడ్డవాళ్లను మరిచిపోయారని చెప్పకుండా ఉండలేం. తెలంగాణ యాసకు జరిగిన అవమానం మీద గంటలు గంటలు మాట్లాడేవాళ్లు కోయదొర వేషానికి ఇప్పటికీ చప్పట్లు కొడతారు. మన్ననూరు ఘాటు రోడ్డు వాళ్లకు లొకేషను. ఫరహాబాద్ వ్యూపాయింట్ వాళ్లకు డ్రోన్ షాటు. ఆ షాటులో కింద కనిపించే పెంటలో ఎవరుంటారో కథకు అక్కర్లేదు.

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ గురించి మాట్లాడితే కొందరు మిత్రులకు కోపం వస్తుంది. కొమురం భీం పేరు ప్రపంచమంతా మోగింది కదా, 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది కదా, ఇంకేం కావాలి అంటారు. అది కల్పిత కథ అని తీసినవాళ్లు ముందే చెప్పారు, ఒప్పుకుంటాం. ఆ పాటలో ఆ అడుగు చూసి మా బడి పిల్లలు ఆరు నెలలు వరండా దుమ్ము లేపారు, అదీ ఒప్పుకుంటాం. కానీ చివర్లో ఏమైంది? ఇంత యుద్ధం చేసిన భీంను నీకేం కావాలని రామరాజు అడుగుతాడు. భీం చదువు చెప్పమంటాడు. బడి పంతుళ్లం గనక ఈ సీను మాకు ముల్లులా దిగింది. భీం చదవడం, రాయడం నేర్చుకున్నవాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగేదాకా ఆయన నడిపిన పోరాటంలో నిజాం సర్కారుకు పెట్టిన డిమాండ్లు ఉన్నాయి, మాట్లాడుకోవడాలు ఉన్నాయి. అలాంటి మనిషి చేతికి సినిమా పలక ఇచ్చింది. ఆ పలకను పట్టించేవాడు మళ్లీ బయటి నుంచి వచ్చిన హీరోనే. ‘అడవి రాముడు’ కాలం నుంచి ఇప్పటికి కెమెరాలు మారినాయి గానీ ఈ లెక్క మారలేదు.

అంటే సినిమాలో మనకు దొరికే వేషాలు ఇవి: దేవుడి పెళ్లాం, హీరో కాపాడే గుంపు, ఈకల కమెడియన్, చాలా గౌరవం ఇస్తే వీరుడు. వీరుడంటే మాకు పడదని కాదు. వీరుడికి కూడా కడుపుబ్బరం వస్తుంది, వీరుడు కూడా బస్సులో చిల్లర కోసం కండక్టరుతో గొడవ పడతాడు. అది చూపించరు. మనల్ని అయితే నెత్తిన పెట్టుకుంటారు, లేకపోతే కాళ్లకింద వేసుకుంటారు. పక్కన కూర్చోబెట్టుకోరు. అప్పలరాజును ప్రేక్షకుడు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాడికి ఆశ ఉంది, అహంకారం ఉంది, తెలివి తక్కువ ఉంది, కొంచెం కుళ్లు ఉంది. వాడు ఓడిపోతే ‘అయ్యో’ అనిపిస్తుంది, వాడి తింగరితనానికి నవ్వొస్తుంది. మనిషిని మనిషిగా చూస్తేనే ఈ రెండూ ఒకేసారి వస్తాయి. మాకు ఆ చోటు కావాలి. గొప్పవాళ్లుగా చూపించండి అని మేము అడగడం లేదు. తింగరోళ్లుగా కూడా చూపించండి, అయితే మా తింగరితనం మా సొంతానిది అయ్యుండాలి.

ఇక మన అచ్చంపేట ప్రాంతం నుంచి నిజంగానే ఆ లోకంలోకి పోయివచ్చిన మనిషి కథ. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య. ఆయన ఆదివాసీ కాదు, డక్కలి. కానీ మనం ఎక్కే బస్సే ఎక్కినవాడు, మనం నిలబడే వరసలోనే నిలబడ్డవాడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాళ్లు ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టే అంత మంది. పండుగ సాయన్న కథ ఆయన గొంతులో విన్నవాళ్లకు పాలమూరు చరిత్ర వేరే పుస్తకంలో చదవాల్సిన పని ఉండదు. 2021 సెప్టెంబరులో పవన్ కళ్యాణ్ ‘భీమ్లా నాయక్’ సినిమా పాట వచ్చింది. దాని మొదట్లో హీరో వంశం చెప్పే గొంతు మొగులయ్యది. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ఇస్తామని చెప్పింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్న వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. మళ్లీ హడావుడి, మళ్లీ హామీలు.

ఆ డబ్బు ఏమైంది, ఆ స్థలం ఎప్పుడొచ్చింది అని లెక్కలు తీసేవాళ్లు అప్పుడు చాలామంది లేచారు. మొగులయ్య ఇంటి లెక్క అడిగినవాళ్లలో ఒక్కరైనా సినిమా వాళ్ల లెక్క అడిగారా? మా ప్రశ్న డబ్బు గురించి కూడా కాదు. ఆ పాట కింద పేరున్న హీరో భీమ్లా నాయక్. నాయక్ అనేది మన పక్క తండాల్లో ఇంటింటా వినిపించే పేరు. ఆ వంశం చెప్పడానికి గొంతు మన దగ్గర దొరికింది. ఆ పేరుతో వేషం కట్టడానికి మనిషి మాత్రం దొరకలేదు. పాటకు పిలుస్తారు, కథకు పిలవరు.

ఆ సినిమా మలయాళంలో 2020లో వచ్చిన ‘అయ్యప్పనుం కోషియుం’కు తెలుగు రూపం. అక్కడ కూడా ఇలాంటి గొంతే ఒకటి ఉంది. అట్టప్పాడి ఇరుళ తల్లి నంచమ్మ. తన భాషలో తన పాట పాడింది. 2022 జూలైలో ఆమెకు జాతీయ ఉత్తమ గాయని అవార్డు ప్రకటిస్తే, సంగీతం నేర్చుకోని మనిషికి ఎట్లా ఇస్తారని అక్కడ ఒక సంగీతకారుడు నొచ్చుకున్నాడు. చాలామంది ఆమె పక్కన నిలబడ్డారు గానీ ఆ నొప్పి చూడండి. మేకలు కాసుకుంటూ పాడితే జానపదం, ముచ్చట. అవార్డు దగ్గరికి వచ్చేసరికి బయటిది! అడవిలో ఉన్న మనల్ని పులుల కోసం బయటికి పొమ్మంటారు. పట్నం పోతే బయటి నుంచి వచ్చావంటారు. లోపల అనేది మనకు ఎక్కడుందో ఎవరైనా మ్యాపులో చూపిస్తే బాగుండు.

2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చాలామంది సినిమా తారలు అడవిని కాపాడాలని గొంతు విప్పారు. ఆ సెప్టెంబరులో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. వాళ్లకు కృతజ్ఞతలు, మనసారా. గొంతు విప్పినవాళ్లకు ఒకే మాట: అడవి బతికింది గదా, ఇప్పుడు అందులో ఉన్న మనుషులకు కథలో ఒక వేషం ఇవ్వండి. ఆకులు లేని వేషం.

ఇంతవరకు బయటివాళ్ల మీద రాయడం సులువు. ఇప్పుడు ఈ పుస్తకం చదివే ఉపాధ్యాయ మిత్రులతో కొంచెం కటువుగా మాట్లాడాలి.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం. మన ప్రాంతంలో చాలా బడుల్లో, హాస్టళ్లలో ఆ రోజు ఏం జరుగుతుంది? ముందురోజు పిల్లల్ని ఆకులు కోయడానికి పంపుతారు. మోదుగాకులతో లంగాలు కుడతారు. ముఖాలకు బొగ్గు, సున్నం చుక్కలు. నెత్తికి ఈకలు. ఏ సినిమాదో పాట పెట్టి ఎగరమంటారు. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో ‘గిరిజన సంస్కృతి’ అని పెడతారు. ఇంట్లో ప్యాంటు చొక్కా వేసుకునే చెంచు పిల్లగాడికి, వాళ్ల అయ్య ఎన్నడూ కట్టని వేషం, వాళ్ల తాత ఎన్నడూ పెట్టని ఈక. గోండుల గుస్సాడికి నెమలీకల టోపీ ఉంది, నిజమే. అది దీపావళి దండారిలో నియమంతో, నిష్ఠతో పెట్టుకునేది. మార్లవాయి కనకరాజు ఆ నాట్యానికే పద్మశ్రీ అందుకున్నాడు. ఆ టోపీని తెచ్చి మన్ననూరు పిల్లగాడి నెత్తిన పెడితే అది గోండులకూ అవమానమే, చెంచులకూ అవమానమే. కోయదొర వేషం సినిమాలో వేస్తే ఖండిస్తాం, అదే వేషం స్టేజీ మీద మన పిల్లలతో వేయించి కలెక్టరు చేత చప్పట్లు కొట్టిస్తాం. ఇది ఆపాలి. ఎవరో సర్క్యులర్ పంపేదాకా ఆగక్కర్లేదు.

రెండోది ఇంకా బాధ. క్లాసులో ఎవడో ఒకడు వెనక బెంచీలో కూర్చొని సార్ల నడకను, మాటను అచ్చు దింపుతుంటాడు. మా ఎరికలో ఒక పిల్లగాడున్నాడు. పేరు చెప్పం, ఊరు చెప్పం. వాడు బీటు సారును దింపితే చూడాలి. బైకు స్టాండు వేసే తీరు, బెల్టు ఎగలాక్కునే తీరు, తేనె డబ్బా చూడంగానే గొంతు ఎట్లా మెత్తబడుతుందో ఆ తీరు. పెంటలో నెగడు చుట్టూ కూర్చున్న ముసలోళ్లు దగ్గు వచ్చేదాకా నవ్వుతారు. అదే పిల్లగాడు బడిలో ఒకనాడు సినిమాల్లోకి పోతా సార్ అన్నాడు. ఆ సారు అన్న మాట: నీ మొఖానికి సినిమా ఒకటి తక్కువైంది. క్లాసంతా నవ్వింది. నెగడు కాడి నవ్వుకూ ఈ నవ్వుకూ తేడా ఆ పిల్లగాడికి ఆ రోజు బాగా తెలిసి ఉంటుంది. పదో తరగతి పరీక్ష రాయలేదు. ఇప్పుడు రెండు మూడు నెలలు పట్నంలో, రెండు మూడు నెలలు పెంటలో ఉంటున్నాడు.

మేము ప్రతి పిల్లగాణ్ణీ కృష్ణానగర్ బస్సు ఎక్కించమని చెప్పడం లేదు. అక్కడ సంగతి మాకు ఎరుకే. జూనియర్ ఆర్టిస్టుకు కార్డు కావాలి, కార్డుకు డబ్బు కావాలి, డబ్బుకు పని కావాలి, పనికి కార్డు కావాలి. ఏజెంటు కమీషను పోను మిగిలేది గది కిరాయికి చాలదు. ఆడపిల్లలకు ఇంకా చెప్పలేని కష్టాలు. చదువు మానుకొని పోవడం తప్పే. కానీ చదువుకోరా అని చెప్పడానికి ముఖం ఎత్తి కొట్టాలా? డాక్టరు అవుతానన్న పిల్లను మెచ్చుకుంటాం, ఆమె కూడా నూటికి తొంభై పాళ్లు కాకపోవచ్చు. సినిమా తీస్తానన్నవాడి ఆశకు ఆ మాత్రం మర్యాద ఎందుకు లేదు? అప్పలరాజు ఆశను చూసి టిక్కెట్టు కొనుక్కొని మరీ నవ్వుకున్నాం గదా. మన పిల్లగాడి ఆశకు ఖర్చు కూడా లేదు.

2021లో ‘సినిమా బండి’ అని ఒక చిన్న సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల తీశాడు. ఆంధ్రా కర్ణాటక సరిహద్దులో ఒక పల్లె. ఆటో నడుపుకునే వీరబాబుకు బండిలో ఎవరో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే దోస్తును తోడు తెచ్చుకొని ఊరివాళ్లతోనే సినిమా తీయడం మొదలుపెడతాడు. కటింగు చేసేవాడు హీరో, కూరగాయలు అమ్మే పిల్ల హీరోయిన్. ప్రతి సీనులోనూ ఏదో ఒకటి చెడుతుంది. మనం వాళ్ల అమాయకత్వాన్ని చూసి నవ్వుతున్నామా, వాళ్లతో కలిసి నవ్వుతున్నామా అని ఆగి చూసుకుంటే, కలిసే నవ్వుతున్నామని తెలుస్తుంది. తెలియని మొహాలు, సొంత యాస. పెద్ద హీరో లేడు, ఫైటు లేదు. వీలైతే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు చూపించండి. చూపించిన తర్వాత ‘నీతి ఏమిటి’ అని మాత్రం అడగకండి. ఆ కెమెరా మన పెంటలో దొరికితే ఎవడు హీరో, ఎవడు విలన్, ఏం కథ అని అడగండి. విలన్ వేషానికి మీ పేరే వస్తే కోపం తెచ్చుకోవద్దు.

మనవాళ్లలో రచయితలు పెరిగారు. కవిత్వం వస్తోంది, కథలు వస్తున్నాయి. చదివితే గుండె బరువెక్కుతుంది. బరువెక్కాల్సిందే. కానీ మన రాతలో మన నవ్వు ఎక్కడికి పోయింది? మన కష్టం చెబితేనే సాహిత్యం, నవ్వు చెబితే తేలిక అన్న నియమం మనకు ఎవరు పెట్టారో ఆలోచించాలి. మనల్ని ఏడుస్తూ చూడటం పత్రికలవాళ్లకు అలవాటు, ఎగురుతూ చూడటం సినిమావాళ్లకు అలవాటు. ఆ రెండు అలవాట్లకూ సరిపడా సరుకు పంపుతూ కూర్చుంటే మన నెగడు కాడి ముచ్చట మనతోనే పోతుంది.

మేము కొందరం కలిసి ఒక కథ అనుకుంటున్నాం. ఇంకా పూర్తి కాలేదు. అప్పాపూర్ దిక్కు ఒక పెంట నుంచి ఒక పిల్లగాడు జీన్సు ప్యాంటు, తెల్ల బూట్లు వేసుకొని తొలి బస్సుకు బయలుదేరుతాడు. కృష్ణానగర్‌లో నెల రోజులు తిరిగితే ఒక వేషం దొరుకుతుంది. హీరో పాటలో ఆదివాసీ గుంపు, యాభై మంది కావాలి. వీడు సంబరంగా పోతాడు. అసిస్టెంట్ డైరెక్టరు కిందికి మీదికి చూసి, నువ్వు ఆదివాసీలా లేవు పో అంటాడు. కులం సర్టిఫికెట్టు తీసి చూపిస్తాడు. అక్కడ అది చెల్లదు. మేకప్ మనిషికి జాలి పుట్టి ఒళ్లంతా నల్లరంగు పూసి, ఈకలు కట్టి లోపలికి తోస్తాడు. డాన్స్ మాస్టరు అడవి నడక నేర్పుతానంటాడు. నడవడానికి రాళ్ల మీద అడుగు ఎట్లా వేయాలో మాస్టరుకు తెలియదు, జారి పడతాడు. వీడు పోయి లేపుతాడు. లేపినందుకు తిట్లు. మధ్యాహ్నం అన్నం కాడ పక్కవాళ్లను పలకరిస్తే యాభై మందిలో ఒకడు ఏలూరు, ఒకడు ఒంగోలు, ఇద్దరు బీహార్. అందరూ వీణ్ణే అడుగుతారు: తమ్ముడూ, ఈ రంగు సబ్బుతో పోతుందా?

అక్కడిదాకా వచ్చి ఆగాం. పాట విడుదలయ్యాక పెంటలో వాళ్లమ్మ ఫోనులో చూస్తుంది, కొడుకును గుర్తుపట్టాలా వద్దా అని మాలో మాకు గొడవ నడుస్తోంది. మిత్రులారా, మీ క్లాసులో ఈ కథ ఇంతవరకే చెప్పి ఆపండి. మిగతాది పిల్లల్ని రాయమనండి. వాళ్ల మాటలోనే, వాళ్ల తిట్లతో సహా. ఆగస్టు 8 సాయంత్రం మోదుగాకులు కోయడానికి పోయే పిల్లలకు ఆ పూట ఈ పని పెడితే సరిపోతుంది.